దరఖాస్తులో రెండో పేరు

హల్,
సెప్టెంబరు 3, 1978

పెద్దమ్మా,

నువ్వు పంపిన స్వెట్టరు అందింది. రంగు బాగుంది. చేతులు మాత్రం నాలుగు వేళ్ళు పొడుగయ్యాయి. పదిహేడేళ్ళొచ్చాక నేనింకా పెరుగుతానని ఎవరు చెప్పారు నీకు? మడిచి తొడుక్కుంటున్నాను. నాన్న చూసి, "మీ పెద్దమ్మ కొలతలతో అల్లదు, నమ్మకంతో అల్లుతుంది" అన్నాడు.

ఇక అసలు సంగతి. మా భూగోళం టీచరు మిస్ రడ్ నన్ను కేంబ్రిడ్జికి దరఖాస్తు పెట్టమంటోంది. మా బడి నుంచి ఇంతవరకు అక్కడికి ఒక్క ఆడపిల్లా వెళ్ళలేదు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. నవంబరులో ప్రవేశ పరీక్ష, డిసెంబరులో అక్కడికెళ్ళి వాళ్ళకి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి.

చిక్కేమిటంటే, యూనివర్సిటీకి దరఖాస్తు అంటే యూనివర్సిటీకి కాదట. ఇది నీకు తెలిసిందేలే, నాకే కొత్త. అందులో పాతిక పైచిలుకు కాలేజీలున్నాయి. పాఠాలు అందరికీ ఒకటే, కానీ తిండీ పడకా స్నేహాలూ అన్నీ ఎవరి కాలేజీలో వాళ్ళకి. అందుకని ముందు కాలేజీని ఎంచుకోవాలి. మిస్ రడ్ ఒక పుస్తకం ఇచ్చింది. ఒక్కో కాలేజీకి ఒక పేజీ. అన్నీ పాతవే, అన్నీ అందమైనవే, అన్నిటికీ పచ్చిక ఉంది. ఎలా ఎంచుకోను? నాన్ననడిగితే, "ఓడెక్కేవాడు ఓడ పేరు చూడడే, కెప్టెనెవడో కనుక్కుంటాడు" అన్నాడు.

నువ్వు పనిచేసే సెయింట్ ఓస్విన్ కాలేజీ పేజీ తెరిచి ఉంచుకుని ఈ ఉత్తరం రాస్తున్నాను. వచ్చే ఏడు మొదటిసారి ఆడపిల్లల్ని చేర్చుకుంటారని ఉంది. నువ్వు రోజూ తుడిచే మెట్ల గురించి మాత్రం ఒక్క ముక్క లేదు. అక్కడికి వస్తే ఎలా ఉంటుంది పెద్దమ్మా? నువ్వు చెప్పు.

లొరైన్


కేంబ్రిడ్జి,
సెప్టెంబరు 10, 1978

బంగారుతల్లీ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మూడోసారికి కళ్ళద్దాలు తుడుచుకోవలసి వచ్చింది. నా పిల్ల కేంబ్రిడ్జికి! మిస్ రడ్‌ని నేనెప్పుడూ చూడలేదు గానీ, ఆవిడ చల్లగా ఉండాలి.

కాలేజీ విషయానికొస్తే, మాది వద్దు తల్లీ. పుస్తకంలో రాయనివి నేను చెబుతాను విను. నది ఒడ్డున ఉంది కదా అని మురిసిపోకు, ఆ నదంతా గోడల్లోకే ఎక్కుతుంది. నా మెట్ల మీది ఎనిమిది గదుల్లో ఐదింటికి చెమ్మ. జనవరిలో పిల్లలు ఓవర్‌కోట్లు వేసుకుని పడుకుంటారు. కూరలు ఉడకబెట్టి ఉడకబెట్టి అది ఏ కూరో దానికే గుర్తులేకుండా చేస్తారు. పైగా ఆడపిల్లలొస్తున్నారని తెలిసిన దగ్గర్నుంచి ఇక్కడ అందరూ ఇంట్లో ఎవరో పోయినట్టు తిరుగుతున్నారు. గేటు దగ్గర ఉండే డేంటన్ మొన్న, "నోరా, ఇక స్నానాల గదులకి గడియలు పెట్టించాలట! నాలుగు వందల ఏళ్ళుగా గడియ అవసరమే రాలేదు" అన్నాడు. "నాలుగు వందల ఏళ్ళుగా స్నానం అవసరమే వచ్చుండదు లెండి" అన్నాను.

నువ్వు మెల్బరీ హాల్ అని రాయి. ఊరి చివర, యాపిల్ తోట మధ్యలో ఉంటుంది. అంతా ఆడపిల్లలే. గదులు వెచ్చగా ఉంటాయని అక్కడ పనిచేసే ఆవిడ చెప్పింది. అదీ నీకు తగిన చోటు.

స్వెట్టరు చేతులు మడవకు, వదులైపోతాయి. నాకు పంపు, విప్పి అల్లుతాను.

నీ పెద్దమ్మ
నోరా


హల్,
సెప్టెంబరు 17, 1978

పెద్దమ్మా,

చెమ్మ గురించి హల్‌లో పుట్టినదానికా చెబుతున్నావు? మా వంటింటి గోడ మీద చెమ్మ ఐస్‌లాండ్ పటం ఆకారంలో ఉంది. నాన్న దాన్ని చూసినప్పుడల్లా, "అదుగో, తన సముద్రంలో చేపలు పట్టనివ్వక మా పొట్టకొట్టిన దేశం" అంటాడు.

నాకు యాపిల్ తోట అక్కర్లేదు. ఉన్నమాట చెబుతాను, నవ్వకు. పుస్తకంలో పాతిక పేజీలు తిప్పినా నాకు ఒక్క కాలేజీ కూడా మనుషులుండే చోటులా కనిపించలేదు. ఓస్విన్ ఒక్కటే అలా కనిపించింది, అక్కడ నువ్వున్నావు కాబట్టి. నాన్న తెల్లవారకముందే చేపలు దించడానికి రేవుకి వెళ్ళిపోతాడు, నేను బడి నుంచి వచ్చేసరికి నిద్రపోతుంటాడు. నాయనమ్మ పోయాక ఈ ఇంట్లో మాటలు కూడా అప్పుడప్పుడూ వచ్చే చుట్టాల్లా అయిపోయాయి. శనివారాలు చేపల షెడ్డులో పనికెళ్ళి కత్తి పట్టుకున్నప్పుడే నాకు నలుగురి గొంతులు వినిపించేది.

నీ ఇంట్లో ఉన్నప్పటివి నాకు చాలానే గుర్తున్నాయి. రైలు పోతే అలమరలో కప్పులు వణికేవి. నువ్వు "భయం లేదు, అవి చలికి వణుకుతున్నాయి" అనేదానివి. నాలుగేళ్ళప్పటి నుంచి తొమ్మిదేళ్ళదాకా నేను నమ్మాను ఆ మాట.

ఓస్విన్ అని రాస్తాను. సరేనా?

లొరైన్


కేంబ్రిడ్జి,
సెప్టెంబరు 25, 1978

లొరైన్‌కి,

సరే కాదు. ఓస్విన్ పేరు రాయకు.

నువ్వు ఆలోచించని సంగతులున్నాయి. నేను నీ గదికొచ్చి చెత్తబుట్ట ఖాళీ చెయ్యాలి. తలుపు తట్టి, "మిస్ బ్లెంకిన్, లోపలికి రావచ్చా?" అనాలి. నలుగురు స్నేహితురాళ్ళ మధ్య కూర్చుని ఉంటే నీకెలా ఉంటుంది? నాకెలా ఉంటుంది? అక్కడ ఎవరి చోటు వాళ్ళకుంది. మేము టీ తాగేచోటు వేరు, మీరు తాగేచోటు వేరు, మా తలుపులు కూడా వేరు. నేను అక్కడ పనిచేసుకునే మనిషిని. నన్ను అలాగే ఉండనీ.

మెల్బరీ మంచిది. నా మాట విను. ఇంక దీని గురించి మళ్ళీ అడగకు.

ఊరంతా సైకిళ్ళ మీద ఆకులు రాలుతున్నాయి. నా మోకాలు బాగానే ఉంది.

నోరా పెద్దమ్మ


హల్,
అక్టోబరు 2, 1978

పెద్దమ్మకి,

మళ్ళీ వద్దన్నావు. సరే.

దరఖాస్తు నిన్న పంపేశాను. మొదటి పేరు మెల్బరీ హాల్. సంతోషమే కదా.

స్వెట్టరు పంపడం లేదు. మడిచే తొడుక్కుంటాను.

లొరైన్


కేంబ్రిడ్జి,
నవంబరు 19, 1978

తల్లీ,

నేను రాసిన రెండు ఉత్తరాలకీ జవాబు లేదు. పరీక్ష హడావుడి అనుకుంటున్నాను. ఎలా రాశావు? పిలుపు ఎప్పుడొస్తుంది? వచ్చినప్పుడు నా దగ్గరే దిగాలి. నీ గది అలాగే ఉంది, మంచం మాత్రం నీకిప్పుడు చాలదు, కాళ్ళు బయటికొస్తాయి. మాంసం కూరి మీట్ పై కాలుస్తాను, మీది పిండి పెంకు మందంగా, నీకిష్టమైనట్టు.

"మళ్ళీ వద్దన్నావు" అని రాశావు. ఆ ముక్క నాకు గుచ్చుకుని ఉండిపోయింది. మళ్ళీ ఏమిటి? నేనెప్పుడు వద్దన్నాను నిన్ను? ఎంత ఆలోచించినా తట్టలేదు. కోపం తీరాక చెప్పు.

నీ పెద్దమ్మ


హల్,
డిసెంబరు 14, 1978

పెద్దమ్మకి,

మొన్నా నిన్నా నేను కేంబ్రిడ్జిలోనే ఉన్నాను. నీకు చెప్పకూడదనే చెప్పలేదు.

మొన్న మెల్బరీలో ముగ్గురు ఆడవాళ్ళు నాకెదురుగా కూర్చున్నారు. మా ఊరి భూగోళం గురించి చెప్పమన్నారు. రేవులో వరసగా కట్టేసిన ఖాళీ ఓడల గురించి చెప్పాను. వాళ్ళు ఎంత మర్యాదగా తలూపారంటే, నాకు అప్పుడే తెలిసిపోయింది.

దరఖాస్తులో రెండో పేరు కూడా రాయాలి. అది నీకు రాయలేదు నేను. మొదటి పేరు నీ కోసం రాశాను, రెండోది నా కోసం. రెండో పేరు ఓస్విన్. నిన్న పొద్దున రమ్మని వాళ్ళు కూడా కబురు పెట్టారు.

గేటు దగ్గర గుండ్రటి టోపీ పెట్టుకున్న పెద్దాయన జాబితాలో నా పేరు మీద వేలు పెట్టి, ఆ వేలు తియ్యకుండా తలెత్తి చూశాడు.

"బ్లెంకిన్... హల్... ఓరి నాయనో! నోరా కూతురివి కదూ నువ్వు?"

ఆయన బల్ల చుట్టూ తిరిగి వచ్చేశాడు.

"ఫోటోలో కంటే పొడుగయ్యావే! వస్తున్నట్టు మీ అమ్మకి చెప్పావా లేదా? ఐవీ! ఇటు రావే ఐవీ, ఎవరొచ్చారో చూద్దువుగాని!"

దుప్పట్ల మూటతో పోతున్న ఒకావిడ ఆ మూట అక్కడే పడేసి వచ్చి నా మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఇదేనా మన లొరైన్! లెక్కల్లో తొంభైనాలుగు తెచ్చుకున్న పిల్ల! షెడ్డులో తెగిన వేలు ఏదమ్మా, మానిందా?" అంది. నేను నీకొక్కదానికే రాసిన సంగతులవి.

నేనన్నాను: "మీరు పొరబడ్డారండీ. నోరా మా అమ్మ కాదు. మా అమ్మ పేరు సిల్వియా, పోయి పదమూడేళ్ళయింది. నోరా మా పెద్దమ్మ." ఒక్క ఊపిరిలో అనేశాను. ఆవిడ చేతులు నా మొహం మీంచి జారిపోయాయి. పెద్దాయన మళ్ళీ బల్ల వెనక్కి వెళ్ళి, "ప్రొఫెసరుగారి గది ఎడమవైపు మెట్లెక్కాలండీ, దయచేయండి, మిస్ బ్లెంకిన్" అన్నాడు. అంతదాకా నన్ను నువ్వు అన్న మనిషి.

ఎందుకు చేశావిలా? అమ్మకి ఈ లోకంలో మిగిలింది నేనొక్కదాన్ని. అది కూడా నువ్వు నీ పేరున రాసుకున్నావా? తొమ్మిదేళ్ళప్పుడు నన్ను ఉంచుకోలేనని పంపించేశావు. ఇప్పుడు నీ ఛాయలకి రావద్దన్నావు. వద్దనుకున్న పిల్లని పదిమందిలో కూతురని చెప్పుకోవడం ఏం మనస్తత్వం?

నువ్వు పనిచేసే మెట్ల దగ్గరికి రాకుండానే స్టేషనుకి వెళ్ళిపోయాను.

లొరైన్


కేంబ్రిడ్జి,
డిసెంబరు 19, 1978

లొరైన్,

ముందు ఒక్క సంగతి. నేను నిన్ను పంపించలేదు.

పంతొమ్మిది వందల డెబ్భై ఏప్రిల్‌లో, శనివారం మధ్యాహ్నం, మీ నాన్న టోపీ చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఓడలు మానేశాననీ, ఒడ్డునే పని చూసుకున్నాననీ, పిల్లని తీసుకెళ్తాననీ అన్నాడు. "అదే రాసింది నోరా, నాన్న దగ్గరికి వచ్చేస్తానని" అన్నాడు. నువ్వు రాశావనుకున్నాను. కన్నతండ్రి, నేనేమంటాను? నీ గౌన్లు మడతపెట్టాను. స్టేషనులో నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు. వెళ్ళాలని అంత ఆత్రంగా ఉందేమో అనుకున్నాను. తర్వాత ఇన్నేళ్ళలో నిన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగితే అవునంటావేమోనని.

ఆ తర్వాత ఇంట్లో పొద్దుట పూట ఉండలేకపోయాను. ఆరున్నరకి నీ జడ వేసేదాన్ని. ఆ వేళకి నా చేతులు వాటంతటవే లేచేవి. అందుకే పొద్దున ఆరింటికి మొదలయ్యే పని వెతుక్కున్నాను. ఓస్విన్‌లో మొదటిరోజు టీ వేళ ఐవీ అడిగింది, "పిల్లలా నోరా?" అని. "ఒక కూతురు" అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆ వారమంతా ఎవరైనా అడిగితే బాగుండునని అనుకుంటూ ఉన్నానేమో. "ఎక్కడుంది?" అంది. "హల్‌లో, వాళ్ళ నాన్న దగ్గర. మేం విడిపోయాం" అన్నాను. పాపం మీ నాన్న, ఆయనకి తెలియకుండానే ఇన్నేళ్ళూ నాకు మొగుడయ్యాడు.

ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడానికి రెండు రోజులే గడువుంటుంది తల్లీ. మూడోరోజు నుంచి దాన్ని మొయ్యడమే. నీ ఉత్తరాలు వాళ్ళకి చదివి వినిపించేదాన్ని. "పెద్దమ్మా" అని ఉన్నచోట "పెద్ద" మింగేసేదాన్ని. నీ మార్కులకి డేంటన్ అందరికీ బిస్కెట్లు పంచాడొకసారి.

ఇందులో ఘోరం వేరే ఉంది. ఐదేళ్ళ కిందట ఐవీ కూతురు పోయింది, పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఐవీ పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుని, "కన్నవాళ్ళకే తెలుస్తుంది ఐవీ" అన్నాను. నువ్వొచ్చి వెళ్ళిన రోజు ఐవీ నా దగ్గరికొచ్చి, "నా ఏడుపులో నువ్వు వేషం కట్టుకుని కూర్చున్నావా?" అంది. అంతే. ఇప్పుడు నేను టీ తాగడానికి ఆ గదికి వెళ్ళడం లేదు. బకెట్లు పెట్టుకునే చోట, మెట్ల కింద తాగుతున్నాను.

ఓస్విన్ ఎందుకు వద్దన్నానో ఇప్పుడు తెలిసిందిగా. నిన్ను కాదు నేను వద్దన్నది, ఈ రోజుని.

సిల్వియా నా చెల్లెలు. దానికి మొట్టమొదట జడ వేసిందీ నేనే. దాని పేరు చెరిపెయ్యాలని నాకు లేదు, కానీ చెరిపాను. అందుకు నన్ను తిట్టు. పంపించేశానని మాత్రం తిట్టకు.

నోరా


హల్,
జనవరి 14, 1979

పెద్దమ్మా,

లారీలవాళ్ళ సమ్మె, మంచు. ఉత్తరాలు ఎప్పటికి కదులుతాయో తెలీదు. అయినా రాస్తున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు నాన్న పని నుంచి వచ్చి వంటింట్లో బూట్లు విప్పుకుంటున్నాడు. నిలబడే అడిగాను.

"నాన్నా, నన్ను తీసుకెళ్ళమని నేను నీకు ఉత్తరం రాశానా?"

ఒక బూటు విప్పాడు. "లేదు" అన్నాడు.

"నన్ను ఉంచుకోలేనని పెద్దమ్మ చెప్పిందా?"

"అనలేదు."

"మరి?"

రెండో బూటు తాడు పట్టుకున్నాడు, విప్పలేదు. "ఇరవయ్యేళ్ళు నీళ్ళమీద ఉన్నానే. మూడు వారాలు సముద్రం, మూడు రోజులు ఇల్లు. ఒడ్డుకొచ్చి చూస్తే మీ అమ్మ లేదు. నువ్వు నన్ను చూసి నోరా గౌను పట్టుకుని దాక్కున్నావు. ఉన్నదున్నట్టు చెబితే ఆవిడ ఇవ్వదు, నువ్వు రావు. చెరో అబద్ధం చెప్పాను."

"ఇన్నేళ్ళా నాన్నా?"

"మొదటి ఏడాది చెప్పేద్దామనే అనుకున్నా. రెండో ఏటికి అదే నిజంలా అయి కూర్చుంది."

అరవాలనుకున్నాను పెద్దమ్మా. ఒక కాలికే బూటు ఉన్న మనిషి మీద ఎలా అరుస్తాం? పైకెళ్ళి తలుపేసుకున్నాను. ఆయన ఆ రోజు తిండి తినలేదు, నేనూ తినలేదు. మర్నాడు ఆయన కూడా నాతో పాటు బస్‌స్టాపు దాకా నడిచొచ్చాడు, మంచులో.

స్టేషనులో వెనక్కి ఎందుకు చూడలేదంటే, చూస్తే ఏడుస్తానని. ఏడిస్తే నువ్వు ఇంకా విసుక్కుంటావనుకున్నాను. తొమ్మిదేళ్ళ బుర్ర కదా.

ఐవీగారితో నేనన్నది నిజమే గానీ, అన్న తీరు మంచిది కాదు. గుమ్మంలో నిలబెట్టి నీ బట్టలు లాగేసినట్టు అన్నాను. అది నాకు రోజూ గుర్తొస్తోంది.

ఇక సంగతి. మెల్బరీవాళ్ళు చింతిస్తున్నామని రాశారు. ఓస్విన్‌వాళ్ళు సీటిస్తామన్నారు. ఆ ప్రొఫెసరు నన్ను ఓడల గురించే గంట సేపు అడిగాడు, చివర్లో గోడమీది పటంలో మా రేవు చూపించమన్నాడు. నెలాఖరులోగా జవాబివ్వాలి. నువ్వు వద్దంటే హల్‌లోనే చదువుతాను, ఇక్కడా యూనివర్సిటీ ఉంది. కానీ ఈసారి వద్దంటే నిజం కారణం రాసి వద్దను.

లొరైన్


కేంబ్రిడ్జి,
జనవరి 23, 1979

తల్లీ,

వద్దనడానికి నా దగ్గర కారణాలు ఇంకా నాలుగున్నాయి. రమ్మనడానికి ఒక్కటీ లేదు. రా.

నా గురించి రావద్దు, ఆ ప్రొఫెసరు గురించి రా. రేవు చూపించమన్నవాడు మంచివాడై ఉంటాడు. ఆయన గదిని ఐవీ తుడుస్తుంది, పుస్తకాలు నేలమీదే పరుస్తాడట.

నన్ను అవతలి ఆవరణకి మార్చమని అడిగాను, మార్చారు. నీ గది నా చేతికి రాదు. నువ్వు నీ చదువు చదువుకో, నేను నా మెట్లు కడుక్కుంటాను. ఐవీ మాట్లాడటం లేదు. మాట్లాడాలని నేను ఎదురు చూడకూడదు కూడా.

మీ నాన్నకి చెప్పు, నాకు కోపంగా ఉందని. ఈ కోపం ఇప్పట్లో పోదు. అన్నం మాత్రం పెట్టు ఆయనకి.

పెద్దమ్మ


సెయింట్ ఓస్విన్ కాలేజీ,
అక్టోబరు 15, 1979

పెద్దమ్మా,

రెండు ఆవరణల అవతల నుంచి ఉత్తరమేమిటి అనుకుంటావు. నిన్న నీ ఇంట్లో చెప్పలేకపోయినవి రాస్తున్నాను.

ఇక్కడ ముప్ఫైయొక్కమంది ఆడపిల్లలం, నాలుగు వందలమంది మగపిల్లలు. భోజనాల హాల్లో బెంచీల మీద భుజాలు రాసుకునేంత దగ్గరగా కూర్చుంటాం. మొదటిరోజు పక్కనున్న అబ్బాయి నన్ను ఏ బడి అని అడిగాడు. చెప్పాను. "ఓ" అని ఉప్పు కోసం అటు తిరిగాడు, మళ్ళీ ఇటు తిరగలేదు. అప్పటి నుంచి తొందరగా తినేసి గదికి వచ్చేస్తున్నాను. నా గదికి పెద్ద కిటికీ ఉంది. అందులోంచి కనిపించే వాళ్ళంతా ఇద్దరిద్దరుగానో ముగ్గురుగానో వెళ్తుంటారు. వాళ్ళకి పరిచయాలు ఎప్పుడయ్యాయో నాకు అర్థం కాదు. నేను పాఠాలకు సైకిలు మీద వెళ్తాను, వస్తాను. నిన్నటికి నా గొంతు నేను విని రెండు రోజులైంది.

బుధవారం నువ్వు బకెట్టుతో ఆవరణ దాటుతున్నావు. నాతో మా మెట్ల మీది అమ్మాయి ఫెలిసిటీ ఉంది. నేను చెయ్యెత్తాను. నువ్వు చూశావు, చూసి తల దించుకుని స్తంభం వెనక్కి వెళ్ళిపోయావు. "ఎవరికి చెయ్యూపావు?" అందామె. "మా పెద్దమ్మకి" అన్నాను. "ఎక్కడ?" అంది. అక్కడ ఖాళీ ఆవరణ తప్ప ఏం లేదు. లేని చుట్టాన్ని చెప్పుకున్నట్టు నాకే సిగ్గేసింది. అప్పుడు నువ్వు నాకు కొంచెం అర్థమయ్యావు.

నిన్న నీ ఇంటికి ఎంత ఆశగా వచ్చానో! పదేళ్ళ తర్వాత ఆ గుమ్మం. ఎదురెదురుగా కూర్చున్నాం. నువ్వు "ఇంకొంచెం వేసుకో" అని ఏడుసార్లన్నావు. నేను "చాలు" అని ఏడుసార్లన్నాను. కాగితం మీద ఎన్ని రాసుకున్నాం మనం! మనిషి ఎదురుగా ఉంటే ఒక్క మాట పెగల్లేదు. నీ జుట్టు ఇంత తెల్లబడిందని ఏ ఉత్తరంలోనూ రాయలేదు నువ్వు. తిరిగి సైకిలెక్కాక, వంతెన మీద, చెప్పాల్సినవన్నీ తోసుకుంటూ వచ్చాయి. గట్టిగా పైకే చెప్పుకుంటూ వచ్చాను. ఎదురొచ్చినాయన పక్కకి తప్పుకున్నాడు.

నాకిక్కడ బాగాలేదు పెద్దమ్మా. చెప్పాల్సింది అదొక్కటే. నా కాలేజీ నేనే ఎంచుకున్నాను, ఇప్పుడిలా అంటే ఎవరు వింటారు?

లొరైన్


కేంబ్రిడ్జి,
అక్టోబరు 17, 1979

నా తల్లీ,

నీ ఉత్తరం డేంటన్ స్వయంగా తెచ్చి నా చేతికిచ్చాడు. "స్టాంపు లేదు నోరా" అన్నాడు. పది నెలల తర్వాత నన్ను పేరు పెట్టి పిలిచాడు. ఐవీ ఇంకా పిలవలేదు. అది పిలవకపోవచ్చు.

స్తంభం వెనక్కి వెళ్ళినందుకు క్షమించు. ఆ పిల్ల ముందు నీకు చిన్నతనంగా ఉంటుందనుకున్నాను. నా పదేళ్ళ అలవాటే ఇది, నీ తరఫున నేనే అనేసుకోవడం. ఇకమీదట బకెట్టు కింద పెట్టి నిలబడతాను. పలకరించడం, పలకరించకపోవడం నీ ఇష్టం.

ఇప్పుడు నేను చెప్పేది నీ పుస్తకాల్లో ఉండదు. ఇన్నేళ్ళుగా పక్కలు సర్దుతున్నాను. ప్రతి అక్టోబరులోనూ దిండు గలీబులు మార్చేటప్పుడు మాకు తెలిసిపోతుంది, ఎవరు ఏడ్చారో. ఉప్పు తెల్లగా అట్ట కడుతుంది. గొప్పింటి పిల్లలవీ, పెద్ద పెద్ద బళ్ళ నుంచి వచ్చినవాళ్ళవీ, తోసుకుంటూ గట్టిగా నవ్వేవాళ్ళవీ. మా ఎనిమిది గదుల్లో ఏ ఏడూ నాలుగుకి తగ్గలేదు. బయట ఇద్దరిద్దరుగా తిరిగేవాళ్ళవే ఆ దిండ్లు. పొద్దున నేను తలుపు తీసేసరికి మొహాలు కడుక్కుని, ఏమీ ఎరగనట్టు టై కట్టుకుంటూ ఉంటారు. మేమూ ఏమీ ఎరగనట్టు గలీబు మార్చేస్తాం. ఇవాళ నా అవతలి ఆవరణలో మూడు మార్చాను. అందులో ఒకటి ఉప్పు కోసం అటు తిరిగినవాడిది కాదని ఎవరు చెప్పగలరు? క్రిస్మస్‌కి కొంత తగ్గుతుంది. అందరికీ తగ్గదు. నీకు తగ్గుతుందని ఒట్టేసి చెప్పలేను, అబద్ధాలు మానేశాను.

నిన్ను చూసి నాకూ నోరు పెగల్లేదు. నేను ఎదురుచూసిన పిల్లకి తొమ్మిదేళ్ళు. తలుపు తీస్తే నాకంటే పొడుగైన అమ్మాయి నిలబడి ఉంది, సిల్వియా కళ్ళు పెట్టుకుని. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలీక వడ్డించాను.

వచ్చే ఆదివారం కూడా రా. ముందే రా, పదకొండింటికల్లా. ఈసారి అన్నీ నేనే చేసి నీ ముందు పెట్టను. బంగాళాదుంపలు తొక్క తియ్యాలి, క్యారెట్లు తరగాలి. ఇద్దరం సింకు దగ్గర పక్కపక్కన నిలబడదాం, ఎదురెదురుగా కూర్చోవద్దు. చేతుల్లో పనుంటే మాటలు వాటంతటవే వస్తాయంటారు. రాకపోతే, వంటైనా అవుతుంది.

నీ పెద్దమ్మ
నోరా